గుర్రం దొంగ అన్నారు... నోటు మీద బొమ్మ వేశారు!

చదువుకో, కొలువుకో ఆస్ట్రేలియా వెళ్ళిన మన పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఆ దేశపు 20 డాలర్ల నోటు చూపిస్తే ఒకసారి తిప్పి చూడండి. కళ్ళజోడు పెట్టుకుని, కుచ్చుల టోపీ కట్టుకున్న ఒక పెద్దావిడ బొమ్మ కనిపిస్తుంది. ఆమె రాణి కాదు, రాజకీయ నాయకురాలూ కాదు. దొంగతనం కేసులో శిక్షపడి ఓడెక్కిన ఖైదీ. పేరు మేరీ రైబీ.

ఆమె 1777లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టింది. చిన్న వయసులోనే మగపిల్లవాడి వేషంలో తిరుగుతూ గుర్రం దొంగిలించిందని పట్టుబడింది. ఏడేళ్ళ ద్వీపాంతరవాసం వేశారు. 1792లో సిడ్నీ రేవులో దిగింది. రెండేళ్ళకు ఓడల్లో పనిచేసే థామస్ రైబీని పెళ్ళాడింది.

పడవలే పెట్టుబడి

హాక్స్‌బరీ నది ఒడ్డున వారికి కొంత భూమి ఇచ్చారు. సేద్యం ఒక్కదానినే నమ్ముకోలేదు. చిన్న పడవలు సంపాదించి నది వెంట ధాన్యం, బొగ్గు, దేవదారు కలప రవాణా చేశారు. 1803 నాటికి మూడు పడవలయ్యాయి. సిడ్నీలో కట్టుకున్న ఇంటికి 'ఎంటాలీ' అని పేరు పెట్టారు. అది మన కలకత్తాలోని ఒక పేట పేరే!

1809లో థామస్ చైనా, ఇండియాలకు ఓడమీద వెళ్ళి మరుసటి సంవత్సరం తిరిగివచ్చాడు. 1811 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ తర్వాత కొద్దికాలానికే వ్యాపార భాగస్వామి ఎడ్వర్డ్ విల్స్ కూడా పోయాడు. భర్త పోయేనాటికి మేరీకి ముప్ఫై నాలుగేళ్ళు నిండలేదు. చేతికింద ఏడుగురు పిల్లలు.

ఆమె దుకాణం మూయలేదు. 1812లో కొత్త గిడ్డంగి తెరిచింది. తర్వాత మరికొన్ని ఓడలు కొన్నది. 1817లో ఆ దేశపు మొదటి బ్యాంకు వ్యవహారాలు మొదలైంది ఆమె ఇంట్లోనే. 1825లో ఉచిత పాఠశాల పాలకవర్గంలో ఒకరయింది. ఒకనాటి ఖైదీకి ఊరు ఇచ్చిన మర్యాద అది.

ఆ భూమి ఎవరిది?

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. హాక్స్‌బరీ ఒడ్డు ఖాళీ నేల కాదు. తరతరాలుగా దారుగ్ ప్రజలు బతికిన చోటు. వలసవచ్చిన వారికి ప్రభుత్వం పంచిన భూమి వారి నోటి దగ్గర కూడు. దానికోసం జరిగిన పోరులో ఎన్నో ప్రాణాలు పోయాయి. రైబీలు పైకి వచ్చిన కథలో ఆ నష్టం కూడా కలిసే వుంది.

మేరీ 1855లో చనిపోయింది. మనవడు థామస్ రైబీ 1876లో టాస్మేనియా ప్రధాని అయ్యాడు. 1994 నుంచి ఆమె బొమ్మ నోటు మీదికి ఎక్కింది.

భర్త పోగానే ఆడదాని చేతిలోని లెక్కల పుస్తకం లాక్కునే ఇళ్ళు మన పల్లెల్లో లేకపోలేదు. ఆ నోటు చేతికి వచ్చినప్పుడు వారికి ఈ కథ చెప్పండి.