కంటికి కనిపించే గ్రెయిన్ గింజ కాదు

కోడక్ ట్రై-ఎక్స్ ఫిల్మ్ డబ్బా మీదా 400 అనే ఉంటుంది, అదే కంపెనీ టీ-మ్యాక్స్ 400 మీదా అంతే. ఒకే ఎండలో తీసి ఒకే సైజు ప్రింటు వేస్తే మాత్రం ట్రై-ఎక్స్‌లో ఆకాశం సన్నటి ఇసుక చల్లినట్టు గరుగ్గానూ, టీ-మ్యాక్స్‌లో నునుపుగానూ వస్తుంది. ఆ 400 చెప్పే ఫిల్ము వేగం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? ఫిల్మ్ కెమెరాలు మళ్లీ పట్టుకుంటున్న కుర్రకారు తరచూ అడిగే ప్రశ్న ఇది.

ముందు రెండు ముక్కల్లో పాఠం. ఫిల్ముకు పూసిన జెలటిన్‌లో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. వెలుగు తగిలి, ఒక స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, డెవలపర్ ఆ స్ఫటికం మొత్తాన్ని నల్లటి వెండిగా మార్చేస్తుంది. పెద్ద స్ఫటికానికి వెలుగు ఎక్కువ చిక్కుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ గ్రెయిన్, అంటే బొమ్మలో ఆ గరుకుదనం, పెరుగుతుందంటారు.

ఇప్పుడో చిన్న లెక్క. ఆ స్ఫటికం సుమారు 1 మైక్రాన్ అనుకుందాం. 35 ఎం.ఎం. నెగటివ్ నుంచి 8×10 అంగుళాల ప్రింటు వేస్తే బొమ్మ పెరిగేది దాదాపు ఎనిమిదిన్నర రెట్లు. అంటే కాగితం మీద స్ఫటికం 8.5 మైక్రాన్లు. పుస్తకం చదివే దూరంలో 70, 80 మైక్రాన్లకన్నా చిన్నది మన కంటికి ఆనదు. మరి ప్రింటులో కనిపిస్తున్నదేమిటి?

తొలి చినుకులు పడేటప్పుడు వాకిట్లో బండను చూడండి. ఒకచోట నాలుగు చుక్కలు కలిసిపోతాయి, పక్కనే జానెడు జాగా పొడిగా ఉంటుంది. ఎవరూ సర్దింది కాదు, కేవలం యాదృచ్ఛికం. జెలటిన్ పొరలో స్ఫటికాలూ అలాగే ఒకదాని కింద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. పైనుంచి చూస్తే కొన్నిచోట్ల దట్టంగా, కొన్నిచోట్ల పలచగా కనిపిస్తాయి. ఆ హెచ్చుతగ్గులే గ్రెయిన్.

చాలామంది ఫొటోగ్రాఫర్లు నమ్మిన కథ వేరు. డెవలపర్‌లో స్ఫటికాలు ఈదుకుంటూ వెళ్లి గుంపు కడతాయని చెప్పుకునేవారు. జెలటిన్ వాటినెక్కడికి కదలనిస్తుంది? ఇంకో తమాషా కూడా ఉంది. ప్రింటులో కనిపించే నల్లచుక్కలు వెండి రేణువులు కావు. నెగటివ్‌లో వెండి ఉన్నచోట కాగితం తెల్లగా మిగులుతుంది కాబట్టి, ఆ నల్లచుక్కలు రేణువుల మధ్య ఖాళీలు!

ఈ హెచ్చుతగ్గుల లెక్కను 1935లో సెల్విన్ అనే పరిశోధకుడు తేల్చాడు. కొలిచే కన్నం వైశాల్యం నాలుగింతలైతే హెచ్చుతగ్గులు సగమవుతాయి. కోడక్ 48 మైక్రాన్ల కన్నంతో కొలిచి ఇచ్చిన అంకెలు చూస్తే ట్రై-ఎక్స్‌కు 17, టీ-మ్యాక్స్ 400కు 10, టీ-మ్యాక్స్ 100కు 8.

పదిహేడు పదికి దిగడంలో కిటుకు అప్పడానిది. పిండి ముద్దను అప్పడంగా ఒత్తితే పిండి అంతే ఉంటుంది, పరుచుకునే చోటు మాత్రం ఎన్నో రెట్లవుతుంది. ఆకుపచ్చ, ఎరుపు వెలుగులను పట్టే రంగు పదార్థం స్ఫటికం పైతలానికే అంటుకుంటుంది. కాబట్టి బల్లపరుపు స్ఫటికం తక్కువ వెండితోనే అంత వెలుగూ పట్టేస్తుంది. అదే వెండితో ఎక్కువ స్ఫటికాలు వేయొచ్చు. చినుకులు ఎక్కువైతే బండ సమంగా తడిసినట్టు, బొమ్మ నునుపు తేలుతుంది. కోడక్ 1986లో టీ-మ్యాక్స్‌ను తెచ్చింది ఈ పద్ధతిలోనే. దీనికో చిక్కుంది. ఆ రంగు ఓ పట్టాన వదలదు. బొమ్మను స్థిరపరిచే హైపో ద్రావణంలోంచి తొందరపడి తీస్తే నెగటివ్ గులాబీ రంగులో మిగులుతుంది.

వేగమంటే సైజేనన్న వాదాన్ని మాత్రం అంతకుముందే ఆవులు చెడగొట్టాయి. కొన్ని బ్యాచ్‌ల జెలటిన్‌తో చేసిన ఫిల్మే ఎందుకు చురుగ్గా ఉంటోందని 1920లలో కోడక్‌లో శామ్యూల్ షెపర్డ్ ఆరా తీస్తే, గుట్టు ఆవాల ఘాటుకు కారణమైన గంధక పదార్థంలో దొరికింది. జెలటిన్ ఇచ్చిన పశువులు ఆవ మొక్కలు మేశాయన్నమాట!

ఇంత కథను ఫోన్ యాప్‌లు ఒక్క మీటకు కుదించి, బొమ్మంతటా ఒకే మోతాదులో చుక్కలు చల్లి గ్రెయిన్ అంటున్నాయి. అసలు గ్రెయిన్ మధ్యస్థపు బూడిద రంగుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, చిమ్మచీకట్లోనూ తెల్లటి తెలుపులోనూ అణిగిపోతుంది. ఇంట్లో పాత స్టూడియో కవర్లలో నెగటివ్‌లుంటే పారేయకండి. అంచులు పట్టుకుని, కిటికీ వెలుగులో ఓసారి భూతద్దం పెట్టి చూడండి.