కచిడి చేప: లక్షలు పలికే ఆ తిత్తి అసలు ఎందుకుంది? చేపల అరుపులు విన్న సైంటిస్ట్ కథ

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి.. మన తీరంలో ఎక్కడైనా పెద్ద కచిడి వలకు చిక్కిందంటే మత్స్యకారుడి పంట పండినట్టే. ఒక్క చేపకే లక్షల్లో పాట! ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ రేటంతా మాంసానికి కాదు, పొట్టలోని గాలి తిత్తికి. మరి చేపకు ఆ తిత్తితో పనేంటి? ఒకటి నీళ్లలో తేలడానికి. రెండోది అరవడానికి.

అవును, చేపలు అరుస్తాయి. కచిడి, గొరక ఒకే కుటుంబం. ఈ కుటుంబం చేపల్లో తిత్తిని ఆనుకుని ప్రత్యేకమైన కండరాలుంటాయి. అవి గబగబా బిగిసి వదులైతే తిత్తి డప్పులా మోగుతుంది. ముఖ్యంగా గుడ్లు పెట్టే సీజన్‌లో, చాలా రకాల్లో మగవే ఈ మోత మోగిస్తాయి. మరి వినేదెలా? చెవులు తల లోపలే ఉంటాయి. గొరకను కోసినప్పుడు తలలో దొరికే తెల్ల రాళ్లు వినడానికి పనికొచ్చేవే.

ఈ సంగతిని సీరియస్‌గా తీసుకునేలా చేసింది యుద్ధం. 1942లో అమెరికా నేవీ శత్రు సబ్‌మెరైన్ల కోసం చీసాపీక్ బేలో నీటి అడుగున మైకులు పెట్టింది. రోడ్డు తవ్వే డ్రిల్లింగ్ మిషన్ లాంటి మోత వినిపించింది. తీరా చూస్తే గొరక జాతి చేపలు!

ఏది చేప, ఏది సబ్‌మెరైన్? యుద్ధం అయ్యాక 1946లో ఇది తేల్చే పని మేరీ పోలాండ్ ఫిష్ చేతికొచ్చింది. (ఇంటిపేరు నిజంగానే ఫిష్! భర్త చార్లెస్ ఫిష్ కూడా సముద్ర శాస్త్రవేత్తే.) రోడ్ ఐలాండ్‌లోని ల్యాబ్‌లో చేపల్ని తొట్టెల్లో వేసి, కదిలించి, చిన్నపాటి కరెంట్ షాక్ ఇచ్చి, ఆ శబ్దాలు రికార్డ్ చేసేవారు. 20 ఏళ్లు ఇదే పని. 300కు పైగా జాతుల్ని పరీక్షించారు. 1966లో నేవీ అవార్డిచ్చింది. 1970లో విలియం మౌబ్రేతో కలిసి చేపల శబ్దాలపై పుస్తకం తెచ్చారు.

మత్స్యకారులకు ఇదేం కొత్త కాదు. మలేసియాలో నీళ్లలో తల ముంచి, గొరకల చప్పుడు విని వల వేసేవాళ్లు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. గుడ్లు పెట్టడానికి గుంపు కట్టి అరిచే చేప తన అడ్రస్ తనే చెప్పేస్తుంది. మెక్సికోలో ఇదే కుటుంబానికి చెందిన తోటోబాను తిత్తి కోసమే విపరీతంగా పట్టారు. ఆ వలల్లో చిక్కి వకీటా అనే చిన్న సముద్ర క్షీరదం ఇప్పుడు పది దరిదాపుల్లో మిగిలింది.

మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. కచిడి గుడ్లు పెట్టేది ఆ రోజుల్లోనేనా, ఆ తర్వాత కూడానా? చేపను కోయకుండానే తెలుసుకునే దారి ఉంది. గోవాలోని ఎన్‌ఐఓ శాస్త్రవేత్తలు ఇప్పటికే హైడ్రోఫోన్లు దించి అక్కడి చేపల కోరస్ రికార్డ్ చేశారు.