ఊపిరి కండరానికీ స్కానింగ్

స్కానింగ్ అనగానే మన ఊళ్లలో గుర్తుకొచ్చేది గర్భిణీలే. అందుకే ఐసియులో ఉన్న మగమనిషి పక్కటెముకల మీద జెల్లీ రాసి డాక్టరుగారు స్కానింగ్ చేస్తుంటే, బయట కూర్చున్న బంధువులు మమ్మల్ని అడుగుతారు: "ఆయన కడుపులో ఏముందమ్మా?"

చూసేది కడుపును కాదు, ఊపిరి కండరాన్ని. ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా పరచుకుని ఉంటుంది. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదివి ఉంటారు, డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. గాలి పీల్చినప్పుడు కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది. మామూలు శ్వాసలో పెద్ద పని దానిదే.

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెలవారికి ఈ కండరం సంగతి తెలియాల్సింది ముఖ్యంగా కట్లపాము వల్ల. రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. కరిచినచోట వాపు, నొప్పి పెద్దగా ఉండవు. ఏదో పురుగు కుట్టిందనుకొని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు, ఆపైన కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. రెప్పలు వాలాయంటే ఊపిరి కండరం వంతు దగ్గరపడిందన్నమాటే. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. మంత్రం వేయించడానికి పోయిన గంట మళ్లీ రాదు. ముందు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు మందు ఎక్కించాలి, 108కి ఫోన్ చేయాలి.

అయితే ఈ విషం అప్పటికే పాడుచేసిన నరాల చివరలను విరుగుడు మందు బాగుచేయలేదు. అవి తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది. అంతవరకు వెంటిలేటరే ఊపిరి. పురుగులమందు మింగినవారిలోనూ, గండం గడిచిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఊపిరి కండరాలు నీరసించవచ్చు. 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని వివరంగా రాశారు.

చిక్కు ఇక్కడే ఉంది. పనంతా మిషనే చేస్తుంటే, సిమెంటు కట్టు వేసిన చేయి సన్నబడినట్టు ఊపిరి కండరమూ సన్నబడుతుంది. బ్రెయిన్ డెడ్ అయి 18 నుంచి 69 గంటలు వెంటిలేటరు మీద ఉన్న అవయవదాతల్లో ఈ కండరం పోగులు సగానికి పైగా చిక్కిపోయాయని 2008లో అమెరికాలో ఒక పరిశోధన చూపింది. గొట్టం తొందరపడి తీస్తే మళ్లీ ఆయాసం, మళ్లీ గొట్టం. ఆలస్యమైతే న్యుమోనియా భయం.

స్కానింగ్ సాయపడేది ఈ నిర్ణయంలోనే. మంచం దగ్గరే చేయవచ్చు. నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. కుడివైపు కింది పక్కటెముకల మధ్య మిషను పెడితే, కాలేయం పైన రెండు తెల్లని గీతల నడుమ కండరం కనిపిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు మందం సుమారు 2 మిల్లీమీటర్లు. రోగి తనంతట తాను పీల్చినప్పుడు 2.6కు పెరిగితే 30 శాతం ఉబ్బినట్టు, అది మంచి సూచన. 20 శాతం కూడా లేకపోతే కండరం ఇంకా బలహీనంగా ఉన్నట్టు.

ఒక్క కొలత చూసి ఎవరూ గొట్టం తీయరు. రోగికి తెలివి ఉందా, దగ్గి కఫం తీయగలడా, తల దిండు మీంచి ఎత్తగలడా అనేవీ చూస్తారు. అరగంట నుంచి రెండు గంటలు సొంతంగా ఊపిరి తీయించి పరీక్షిస్తారు.

"మిషను పెట్టారంటే ఇక అయిపోయినట్టే, ఇంటికి తీసుకుపోతాం" అనే మాట మేము తరచుగా వింటాం. ఖర్చు భయమూ అందులో ఉంటుంది, కాదనం. కానీ కట్లపాము కాటులో మనిషి కళ్లు తెరవలేక, వేలు కదపలేక ఉన్నా లోపల తెలివి ఉండవచ్చు, మన మాటలు వినవచ్చు. సకాలంలో వెంటిలేటరు అందితే చాలామంది పూర్తిగా కోలుకుని నడిచి ఇంటికి వెళ్తారు. తీసుకుపోదామని నిర్ణయించే ముందు డాక్టరుగారిని ఒక ప్రశ్న అడగండి: "నిన్నటికీ ఈరోజుకీ ఊపిరి కండరం ఏమైనా మెరుగైందా?"