పది లక్షలు దాటిన గీత

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. ఆ నీరు గంటగంటకూ ఎలా పెరిగిందో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫు గీస్తే గీత చక్కగానే వస్తుంది. చిక్కంతా అక్షం మీది అంకెలతోనే. మామూలు వరదకైతే నిలువు అక్షం పక్కన 200000, 400000 అని పడతాయి. ప్రవాహం పది లక్షలు దాటగానే అవి 0.2, 0.4గా మారి, పైమూలన చిన్నగా 1ఈ6 అని వచ్చి చేరుతుంది. ప్రతి అంకెనూ పది లక్షలతో హెచ్చవేసుకోమని దానర్థం. అవనిగడ్డ వైపు లంకల్లో ఎవరైనా దాన్ని ఫోనులో చూస్తూ ఆ మూలను గమనించకపోతే, అంత పెద్ద వరదా వాళ్లకు 1.1గానే కనబడుతుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది అమెరికాలో. మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసుకోవడానికి జాన్ హంటర్ అనే నాడీశాస్త్రవేత్త దీన్ని రాసుకుని, 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 44వ ఏట, 2012 ఆగస్టులో, క్యాన్సర్‌తో పోయాడు. ఆయన ఇచ్చినది మాత్రం ప్రపంచమంతా వాడుతోంది. ప్రయోగశాలలో పదుల ఘాతాలు అందరికీ అలవాటే. లక్షల లెక్క డెల్టాది. ఈ అంకెల చిక్కుకు మందు తేలిక. విలువను లక్షతో భాగించి రాయమని ఒక చిన్న ఫంక్షన్‌ను అక్షానికి తగిలిస్తే 2, 4, 6 అని పడతాయి, మూలనున్న 1ఈ6 పోతుంది.

అసలు కష్టం అక్షానికి తెలుగులో పేరు పెట్టినప్పుడు మొదలవుతుంది. 2017 నుంచి దీనితోపాటు వస్తున్న డెజావూ సాన్స్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. ‘కృష్ణా’ అని రాస్తే ఖాళీ డబ్బాలు వస్తాయి. గ్లిఫ్ 3093 లేదని తెర మీద హెచ్చరిక పడుతుంది. 3093 అంటే యూనికోడ్‌లో మన ‘క’. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెడితే డబ్బాలు పోతాయి గానీ, చాలా వెర్షన్లలో ‘ష’ కింద ఒదగాల్సిన ణ వత్తు విడిపోయి పక్కన నిండు ‘ణ’గా నిలబడుతుంది. ‘క్యూసెక్కులు’ అన్న మాటలో రెండుచోట్ల ఇదే గతి. అక్షరాలను వరసగా పేర్చడమే తప్ప, వత్తును ఎక్కడ కూర్చోబెట్టాలో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు ఏళ్ల తరబడి తెలియలేదు. ఆ పని హార్ఫ్‌బజ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ది. అది చాలా బ్రౌజర్లలో ఉంది. అందుకే గ్రాఫును ఎస్‌వీజీ ఫైలుగా దాచి, అక్షరాలను గీతలుగా మార్చకుండా వదిలేయమని చెబితే బ్రౌజరే వత్తులు సరిగ్గా కూర్చుతుంది. పుస్తకంలో అచ్చు వేయాలంటే జీలాటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ దారి ఉంది.

మరొక్క మాట. నిలువు అక్షం పేరును ఈ సాఫ్ట్‌వేర్ పక్కకు తిప్పి రాస్తుంది. వత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు మాటను మెడ వంచి చదవడం కష్టం. దాన్ని అడ్డంగానే ఉంచి, అక్షం పైకొసన పెట్టడం మేలు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. ఆ రెండు మట్టాల దగ్గరా అడ్డగీతలు గీసి, పేర్లు వాటి మీదే తెలుగులో రాయాలి. వరద ఎప్పుడు ఏ గీత దాటిందో కరకట్ట మీద నిలబడ్డ మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.