వంటగట్టు మీంచి బెలుం గుహల్లోకి

ఏరా పిల్లలూ, మీ బడివాళ్లు ఈసారి బెలుం గుహలకు తీసుకెళ్తున్నారట! అమ్మ పులిహోర కట్టేలోగా ఓసారి వంటింట్లోకి రండి. ప్రయాణం అక్కణ్ణుంచే మొదలెడదాం.

ఆ కడప బండ గట్టు చూశారా? రాత్రి ఎవరో నిమ్మచెక్క పిండి అక్కడే పడేశారు. నల్లటి బండ మీద తెల్ల మచ్చ పడింది. మీ నానమ్మ పీచుతో తోమి తోమి విసిగిపోయింది. పోవడానికి అది మరకైతేగా! పులుపు బండనే కాస్త తినేసింది. నునుపు పోయి గరుకు తేలింది. కడప బండ సున్నపురాయి మరి, ఆమ్లం తగిలితే కరుగుతుంది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న ఆ గుహలూ సున్నపురాయిలో ఏర్పడినవే. అక్కడ నిమ్మకాయ పిండిందెవరు? వాన! గాల్లోని కార్బన్ డయాక్సైడు కొంత, నేలలో వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలేది ఇంకా బోలెడు, వాననీళ్లలో కలుస్తుంది. ఆ పులుపు మన నాలిక్కి తెలీదు, రాయికి తెలుస్తుంది. బీటల్లో దూరి, రాయిని కరిగించుకుంటూ 3,229 మీటర్ల దారి చేసుకున్నాయా నీళ్లు. మనల్ని నడవనిచ్చేది అందులో సగం లోపే.

1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. దాదాపు వందేళ్లకి, 1982-83లో, గెబావర్ అనే జర్మనీ ఆయన ఒక బృందంతో వచ్చి లోపలికంటా దూరి కొలిచాడు.

గైడు ఇదిగో కోటిలింగాలు, అదిగో వెయ్యి పడగలు అంటాడు. బావుంటాయి, చూడండి. ఫొటో తీసుకుని పరిగెత్తకండి, కాసేపు నిలబడండి. కథ అక్కడ తిరగబడుతుంది. కప్పు నుంచి చుక్క వేలాడుతున్నప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడు గుహ గాల్లోకి పోతుంది. దాంతో కరిగిన రాయిని మోసే బలం నీటికి తగ్గి, కంటికి ఆననంత కాల్సైటును అక్కడే వదిలేస్తుంది. అలా పేరుకున్నవే ఆ రాతి ఊడలు. ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే ఆ పేరుకోవడం చెడుతుంది.

లోపల ఉక్క, నూలు బట్టలేసుకోండి. తిరిగొచ్చాక పది పేజీల రిపోర్టు రాయమనే మాస్టారుంటే నా దగ్గరికి పంపండి!

జేబులో ఒక నిమ్మకాయ, ఒక భూతద్దం పెట్టుకోండి. గుహలో తీయొద్దు సుమా. బయట దారి పక్కన పడున్న సున్నపురాయి ముక్క మీద నాలుగు చుక్కలు పిండి, భూతద్దంలో చూడండి. సన్నటి బుడగలు లేస్తాయి. అవి ఏ వాయువువో మాస్టారు మిమ్మల్ని అడిగేలోపు మీరే ఆయన్ని అడగండి.