మీకు తెలుసా? పచ్చబొట్టు మీద పచ్చబొట్టు

పాత పచ్చబొట్టు మీద కొత్తది వేయిస్తే పాతది అడుగున పడిపోతుందనుకుంటాం. అలా జరగదు. గోడకు సున్నం మీద సున్నం కొట్టినట్టు సిరా పొరలుగా నిలవదు. పాతదీ కొత్తదీ చర్మం లోపలి పొరలోనే కలిసిపోతాయి. అందుకే నలుపు మీద పసుపో తెలుపో వేస్తే లాభం లేదు. పాత గీతలు కొత్త బొమ్మలో ఈకలుగానో, ఆకులుగానో, నీడలుగానో ఇమిడిపోవాలి. కొత్తది పాతదానికంటే బాగా పెద్దగా, ముదురుగా ఉండటం మామూలే. చిన్న పేరును దాచబోతే చెయ్యి సగం నిండొచ్చన్నమాట! పాతది మరీ నల్లగా ఉంటే ముందు లేజర్‌తో పలచబరుస్తారు.

సిరాను పట్టి ఉంచేవి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు. అవి చచ్చిపోతూ వదిలిన రంగును కొత్త కణాలు మింగేస్తాయని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చూపారు. పచ్చబొట్టు అంత మొండిది మరి.

హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ మాజీ భర్త బిల్లీ బాబ్ పేరును లేజర్‌తో తీయించి, ఆ చోట తన పిల్లలు పుట్టిన ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు వేయించుకున్నారు. నటుడు జానీ డెప్ అంత శ్రమ పడలేదు. ప్రియురాలు వినోనా రైడర్‌తో విడిపోయాక ‘వినోనా ఫరెవర్’లో ‘నా’ తీయించేసి ‘వినో ఫరెవర్’ చేసుకున్నారు. అంటే, ఎప్పటికీ తాగుబోతే!