ఓడకోసం హుండీ

మా ఆటోనగర్‌లో ఇనుముకు చావు లేదు. పాత లారీ ఛాసిస్ గేటవుతుంది. గేటు విరిగితే కిటికీ ఊచలవుతాయి. ఊచలు తుప్పుపడితే తూకానికి పోయి, కొలిమిలో కరిగి, మళ్లీ కొత్త ఊచలై మా వీధికే వస్తాయి. ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడ వెల్డింగు షెడ్డు నడుపుతున్న నాకు ఇదంతా మామూలే. ఇనుము మీద మమకారమేమిటి, కిలోల లెక్కన కొనుక్కునే వస్తువు మీద, అనుకునేవాణ్ణి.

2016లో కాబోలు, ఒక కుర్రవాడు కొత్త మోటారు సైకిలు తోలుకుంటూ మా షెడ్డుకు వచ్చాడు. క్యారియరు బిగించాలట. నేను బండిని పక్కకు లాగబోతుంటే, "మెల్లగా మేస్త్రీ గారూ! ఇది మామూలు బండి కాదండి, విక్రాంత్ బండి," అన్నాడు.

సంగతేమిటంటే, మన తొలి విమాన వాహక నౌక విక్రాంత్ 1997 జనవరి 31న నౌకాదళం నుంచి విరమించింది. బొంబాయిలో పదేళ్లకు పైగా ప్రదర్శనశాలగా వుంది. పోషణ భారమై, పొట్టు సురక్షితం కాదని 2012లో దాన్నీ మూసేశారు. 2014లో వేలం వేస్తే 60 కోట్లకు పోయింది. చందాలు పోగుచేసైనా కాపాడదామని కొందరు బయలుదేరారు, కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు కూడా అడ్డుచెప్పకపోయేసరికి ఆ ఏడాది చివర ముక్కలు కోయడం మొదలయింది. అందులో కొంత లోహాన్ని బజాజ్ వారు కొని మోటారు సైకిళ్లలో కలిపారు. ఆ బండే ఇది.

విక్రాంత్‌కూ మన ఊరికీ సంబంధం పాతది. 1971 డిసెంబరులో దాన్ని వెతుక్కుంటూనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి వచ్చి, 3వ తేదీ అర్ధరాత్రి వేళ ఇక్కడే మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ ఇక్కడ లేదు, అండమాన్ వైపు వెళ్లిపోయింది. బీచి రోడ్డులో వున్న విజయ స్మారకం ఆ యుద్ధం గుర్తుగా కట్టిందే. అంతటి ఓడ చివరికి క్యారియరు బిగించుకోవడానికి నా షెడ్డుకు వచ్చింది. ఆ రోజు కుర్రవాడి దగ్గర కూలి పుచ్చుకోబుద్ధి కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో కబురు తెలిసింది. రెండో విమాన వాహక నౌక విరాట్ కూడా విరమించబోతున్నదట. దాన్ని విశాఖకు తెచ్చి ప్రదర్శనశాలగా నిలపాలని మన రాష్ట్ర ప్రభుత్వం అడుగుతున్నదట. ఆ ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు విరాట్‌ను మేమంతా ఒడ్డున నిలబడి చూశాం. అది 1959లో హెర్మిస్ అనే పేరుతో ఇంగ్లీషు నౌకాదళంలో చేరి, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం చూసి, 1987లో మన విరాట్ అయిన ఓడ. పొడవు 226 మీటర్లు.

మా వీధిలో అయిదు షాపులవాళ్లం కలిసి తలా ఒక రేకు డబ్బా తయారుచేసి, చీలిక పెట్టి, "విరాట్ ఓడ కోసం" అని రాసి గల్లాపెట్టె పక్కన పెట్టాం. టీ కుర్రవాడు రెండు రూపాయలు వేశాడు. నెల్లూరి నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన వంద రూపాయల కాగితం మడిచి వేసి, "ఓడ వచ్చాక మా పిల్లలకు చూపిస్తానండీ," అన్నాడు.

మా ఆవిడ మాత్రం డబ్బా చూసి నవ్వింది.

"కొనడానికి చందాలేస్తారు, సరే. ఏటేటా రంగులెవరు వేయిస్తారు? మన ఇంటికి సున్నం కొట్టించి మూడేళ్లయింది!"

నాకు కోపం వచ్చింది. ఆడవాళ్లకు అన్నీ ఇంటి ఖర్చుల లెక్కలే అనుకున్నాను. ఆ లెక్కే అసలు లెక్క అని తెలియడానికి నాకు అయిదేళ్లు పట్టింది.

ఓడను ప్రదర్శనశాలగా మార్చి నిలబెట్టడానికి వెయ్యి కోట్ల దాకా కావాలని పత్రికల్లో వచ్చింది. మన రాష్ట్రానికి అది అందలేదు. 2017 మార్చి 6న విరాట్ జెండా దించారు. 2018 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం 852 కోట్లతో పథకం వేసింది, అదీ సాగలేదు. 2020లో ఓడను తుక్కు కింద 38 కోట్ల 54 లక్షలకు అమ్మేశారు. సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేర్చారు. అప్పుడు కూడా ఒక సంస్థ ముందుకు వచ్చి, మేము కొని ప్రదర్శనశాల చేస్తామన్నది. కొన్న వ్యాపారి వంద కోట్లయితే ఇస్తానన్నాడు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కోత ఆపించింది. కాని అప్పటికే చాలా భాగం కోసేశారు. ఏప్రిల్‌లో ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

మన దేశం బీదది గనుక ఇలా జరిగిందనుకుందామా? అమెరికావాళ్ల కథ వినండి. వాళ్ల దేశం పేరే పెట్టుకున్న యునైటెడ్ స్టేట్స్ అనే ప్రయాణికుల ఓడ వుండేది. 1952 జూలైలో తొలి ప్రయాణంలోనే 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో అట్లాంటిక్ దాటి, అంతవరకూ వున్న రికార్డులన్నీ తుడిచిపెట్టింది. విమానాలు వచ్చి ఓడ ప్రయాణీకులను ఎగరేసుకుపోయాయి. 1969లో దాన్ని ఆపేశారు. 1996 నుంచి ఫిలడెల్ఫియా రేవులో కట్టిపడేశారు. ఓడను రూపొందించిన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ మనుమరాలు పెద్దగా వున్న ఒక సంఘం, లెన్‌ఫెస్ట్ అనే దాత ఇచ్చిన సొమ్ముతో, 2011లో దాన్ని కొన్నది. ఒక డాలరు ఇస్తే ఓడ మీద ఒక చదరపు అంగుళం మీ పేర రాస్తామని జనం దగ్గర చందాలు పోగుచేసింది. మా రేకు డబ్బా లాంటిదే, కాస్త పెద్దది.

కాని ఓడ కదలకుండా నిలబడి వుండటానికే నెలకు సుమారు 60,000 డాలర్లు. ఆపైన 2021లో రేవు అద్దె రోజుకు 850 డాలర్ల నుంచి 1,700కు పెంచారు. సంఘం కాదన్నది, తగవు కోర్టుకెళ్లింది. 2024లో రేవు ఖాళీ చెయ్యమని తీర్పు. అంత పొడవు ఓడకు మరో రేవు దొరకలేదు. చివరికి ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీవారు పది లక్షల డాలర్లకు కొన్నారు. ఎందుకనుకున్నారు? సముద్రంలో ముంచి, చేపలకు ఆవాసంగానూ, ఈతగాళ్లకు వింతగానూ వుంచడానికి! 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నుంచి దాన్ని లాక్కుపోయారు.

అయితే ఏ ఓడా బతకలేదా? బతికాయి. బ్రిస్టల్‌లో 1843లో జలప్రవేశం చేసిన గ్రేట్ బ్రిటన్ అనే ఇనుప ఓడ ఫాక్‌లాండ్స్ దీవుల దగ్గర పాడుపడి వుంటే, జాక్ హేవార్డ్ అనే ధనవంతుడు ఖర్చు పెట్టుకోగా, 1970లో పడవ మీద ఎక్కించి పుట్టిన డాకుకే తీసుకువచ్చారు. తెచ్చాక పని అయిపోలేదు. దశాబ్దాల పాటు ఉప్పు తాగిన ఇనుము ఒడ్డున కూడా తుప్పుపడుతూనే వుంటుంది. అందుచేత ఓడ చుట్టూ నీటి మట్టాన అద్దపు కప్పు వేసి, దాని కింద యంత్రాలతో గాలిని ఆరబెడుతున్నారు. అక్కడి గాలిలో తేమ నూటికి ఇరవై దగ్గరే వుంచుతారు. ఆ యంత్రాలు ఆగితే తుప్పు మళ్లీ మొదలు. వచ్చేవాళ్ల టిక్కెట్ల డబ్బుతో గాని అలాంటి ఖర్చు గట్టెక్కదు.

మన కళ్లెదుట వున్న కురుసుర సంగతీ ఇంతే. 1969లో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి 27న విరమించిన ఈ జలాంతర్గామిని రామకృష్ణా బీచి ఇసుక మీదికి లాగి, పునాది కట్టి నిలబెట్టి, 2002 ఆగస్టులో జనానికి చూపించారు. అయిదున్నర కోట్లయింది. విరాట్ దీనికి బరువులో పదిహేను రెట్లు వుంటుంది. పైగా కురుసుర నీళ్లలో లేదు, గట్టు మీద వుంది. ఊరి నడిబొడ్డున వుంది. టిక్కెట్టు వుంది. విరమించిన నౌకాదళం వాళ్లే లోపల తిప్పి చూపిస్తారు. విరమించిన ఏడాదిన్నరలోనే దానికి చోటు, రాబడి, చూసుకునే మనిషి అన్నీ అమరాయి. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబుంది, మా డబ్బాలో లేదు.

ఇంతకూ మా డబ్బాల మాట. కరోనా సర్దుమణిగాక 2022లో అయిదూ విప్పి లెక్కపెడితే 9,640 రూపాయలు తేలాయి. ఇవి ఎవరివి? ఎవరికి తిరిగి ఇవ్వాలి? ఆ నెల్లూరి డ్రైవరు పేరైనా అడగలేదు నేను. గుడి హుండీలో వేద్దామన్నాడొకాయన. విందు చేసుకుందామన్నాడు ఇంకొకాయన. ఓడ పేరు చెప్పి పుచ్చుకున్న డబ్బు గనుక ఓడకే పోవాలని నేను పట్టుపట్టాను. ఒక ఆదివారం వ్యాను మాట్లాడి, మా షెడ్లలో పనిచేసే వాళ్ల పిల్లలను కురుసురకూ, దాని ఎదుట వున్న విమాన ప్రదర్శనశాలకూ తీసుకువెళ్లాం. మా ఆవిడ పులిహోర కట్టింది.

వ్యాను సింధియా మీదుగా వచ్చింది. అదొక బస్సు స్టాపు పేరనుకుంటారు చాలామంది. సింధియా ఓడల కంపెనీకి వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో ఇక్కడ ఓడల కార్ఖానా ఏర్పడింది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ గారు ఇక్కడే నీళ్లలోకి వదిలారు. ఆ కార్ఖానాయే నేటి హిందూస్తాన్ షిప్‌యార్డు. జల ఉష ఇవాళ లేదు. మా తాతను రంగం తీసుకుపోయిన స్టీమరూ లేదు. ఆ రోజుల్లో రంగం వెళ్లిన మనవాళ్లు ఎందరో. వాళ్లను మోసిన ఓడల్లో ఒక్కటైనా మనకు చూపించడానికి మిగలలేదు. అప్పుడు హుండీ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఓడల్ని ఇప్పుడు ఎవరూ తేలేరు. కాని షిప్‌యార్డులో పనిచేసిన వాళ్ల ఇళ్లలో పాత ఫొటోలు, గుర్తింపు బిళ్లలు, సుత్తులు, లెక్కల పుస్తకాలు ట్రంకుపెట్టెల అడుగున ఎన్నో వుండాలి. వాటికి డాకు అక్కరలేదు, రేవు అద్దె లేదు. పొడిగుడ్డలో చుట్టి, ఎవరిదో, ఏ ఏడాదిదో ఒక చీటీ రాసి పెడితే చాలు. అలాంటివి మీ ఇంట్లో వుంటే అటక దులిపినప్పుడు తూకానికి మాత్రం వేయకండి. తూకానికి వచ్చినదాన్ని కోసేవాణ్ణి నేనే గనుక చెబుతున్నాను.

కురుసురలో మా వెల్డరు కొడుకు, ఎనిమిదేళ్లవాడు, గోడను వేలితో టకటకమని కొట్టి చూశాడు. వాళ్ల నాన్న అలాగే చూస్తాడు.

"తాతయ్యా, దీనికి రంగు ఎవరేస్తారు?"

టిక్కెట్టు చూపించి, "మనమేరా," అన్నాను.

ఖర్చులు పోగా డబ్బాలో ఇంకా 1,100 రూపాయలున్నాయి. అక్షరాలు చెరిపేసి, "ఓడ చూసే పిల్లల కోసం" అని మళ్లీ రాయించాను. ఏటా ఒక వ్యాను వెళుతోంది. మొన్న మా ఆవిడ కూడా అందులో పది రూపాయలు వేసింది.